పెళ్లిరోజు రాత్రి ఇటాలియన్ రెస్టారెంట్‌లో: బుకింగ్ నుంచి బిల్లు దాకా

మా నాలుగో పెళ్లిరోజు శనివారం పడింది. జూబ్లీహిల్స్‌లో ఓ ఇటాలియన్ రెస్టారెంట్‌లో టేబుల్ బుక్ చేసి, మా ఆవిడకి చెప్పకుండా తీసుకెళ్లాను. మెనూలో సగం పేర్లకి నోరు తిరగలేదు. అయినా అన్నీ తెలిసినవాడిలా ఇద్దరికీ కార్బొనారా చెప్పాను. వచ్చాక చూస్తే అందులో పంది మాంసం ముక్కలు, గుడ్డు సొన. తను శనివారం నీసు ముట్టదు. ఆ సంగతి నాకు తెలుసు, ఆ క్షణంలో గుర్తు రాలేదు, అంతే. గార్లిక్ బ్రెడ్ రెండు ముక్కలు తిని లేచింది. తిరిగొస్తూ దారిలో టిఫిన్ బండి దగ్గర ఆగి ఇడ్లీ తిన్నాం. నిజం చెప్పాలంటే ఆ రాత్రి మేం మనసు విప్పి మాట్లాడుకున్నది ఆ బండి దగ్గరే.

తర్వాత ఏటా వెళ్తున్నాం, ఇటాలియన్‌కే. టేబుల్ దగ్గర కూర్చున్నాక తేల్చుకోవాల్సిన పని ఒక్కటి కూడా మిగలకుండా చూసుకోవడం నేను నేర్చుకున్నది. మెనూతో కుస్తీ, వెయిటర్‌తో వాదన, బిల్లు చూసి గుటకలు, ఇవన్నీ ముందే అయిపోవాలి. హైదరాబాద్‌ని దృష్టిలో పెట్టుకుని చెబుతున్నా. విజయవాడలో, విశాఖలో ఉన్నవాళ్లు ట్రాఫిక్ ముక్క వదిలేసి మిగతాది వాడుకోవచ్చు.

ముందు క్యాలెండర్ తీయండి

తేదీ కంటే ముందు వారం చూడండి. శనివారం వెంకన్న, మంగళవారం ఆంజనేయస్వామి, గురువారం సాయిబాబా. మీ ఇంట్లో ఎవరిది ఏ వారమో మీకే తెలియాలి. కార్తీకమో శ్రావణమో అయితే నెలంతా లెక్కే. ఆ రోజే వెళ్లి తీరాలనేం లేదు, ఒక రోజు అటూ ఇటూ జరుపుకోవచ్చు. తిథి ప్రకారం ఒక రోజు, ఇంగ్లీషు తేదీ ప్రకారం ఒక రోజు మనకి ఎలాగూ రెండు పెళ్లిరోజులు ఉంటాయి కదా, ఏది అనుకూలమైతే అది.

ఇంకో చిక్కు ఉంది. మాఘమాసపు ముహూర్తాల పుణ్యమా అని ఫిబ్రవరిలో పెళ్లిరోజులున్న జంటలు మనలో బోలెడు. మీది 14వ తేదీకి, అంటే ప్రేమికుల రోజుకి దగ్గర్లో ఉంటే ఆ ఒక్క రోజూ తప్పించండి. ఆ రాత్రి చాలా చోట్ల ఫిక్స్‌డ్ మెనూ మాత్రమే పెడతారు, ధర పెంచుతారు, ఒక జంట లేవగానే ఇంకో జంటని కూర్చోబెట్టాలన్న తొందరలో ఉంటారు. మంగళవారమో బుధవారమో వెళ్తే అదే టేబుల్, అదే వంటవాడు, సగం జనం.

యాప్ వద్దు, ఫోన్ చేయండి

యాప్‌లో టేబుల్ దొరుకుతుంది గానీ ఏ టేబుల్ అన్నది దొరకదు. వారం ముందు, మధ్యాహ్నం మూడు నాలుగు గంటల మధ్య ఫోన్ చేయండి. అప్పుడు వాళ్లకి తీరిక ఉంటుంది, నింపాదిగా మాట్లాడతారు. పెళ్లిరోజని చెప్పండి. మూల టేబుల్ అడగండి. వంటగది తలుపు దగ్గరా, స్పీకరు కిందా, ఏసీ గాలి నేరుగా తగిలే చోటా వద్దని చెప్పండి. ఏసీ సంగతి చిన్నదే అనిపిస్తుంది కానీ పట్టుచీర కొంగు కప్పుకుని వణుకుతూ కూర్చున్న మనిషితో సరసం సాగదు. పైగా పాస్తా రెండు నిమిషాల్లో చల్లారిపోతుంది.

ఆ ఫోన్లోనే ఇంకో నాలుగు అడిగేయండి. సర్వీస్ ఛార్జి వేస్తారా? శాకాహారానికి పాత్రలు వేరుగా వాడతారా? ఆ రాత్రి లైవ్ మ్యూజిక్ ఉందా? కేకు బయటినుంచి తేనిస్తారా? లైవ్ మ్యూజిక్ ఉంటే నేనైతే ఆ రోజు మానేస్తాను. అరుచుకుంటూ ప్రేమించుకోవడం నా వల్ల కాదు. కొన్నిచోట్ల చెప్పులు, షార్ట్స్‌తో రానివ్వరు, అదీ కనుక్కోండి.

మెనూ ఇంట్లోనే చదివేయండి

అసలు పని ఇదే. ఈ రోజుల్లో ప్రతి రెస్టారెంట్ మెనూ నెట్‌లో ఉంటుంది. ముందురోజు రాత్రి ఇద్దరూ పక్కపక్కన కూర్చుని చదవండి. సర్‌ప్రైజ్ పోతుందని బెంగ వద్దు. సర్‌ప్రైజ్ ఎంత చక్కగా పనిచేస్తుందో పైన చెప్పాను కదా.

ఇటాలియన్ భోజనం మన విస్తరిలా అన్నీ ఒకేసారి రాదు, వరసలో వస్తుంది. ముందు ఆంటిపాస్తి, అంటే భోజనానికి ముందు కొరుక్కునేవి. తర్వాత ప్రీమి, అంటే పాస్తా, రిసోట్టో లాంటివి. ఆ తర్వాత సెకొండి, అంటే చేప, కోడి, మాంసం. వాటి పక్కన కొంటోర్ని అనే కూరగాయలు. చివర్న దోల్చి, తీపి. ఇటలీలో పాస్తా తిన్నాక కూడా మాంసం తింటారు, ఎందుకంటే అక్కడ పాస్తా ఒక మనిషికి 80 నుంచి 100 గ్రాములే ఉడకేస్తారు. మన ఊళ్లో బిర్యానీ తినే జనానికి తగ్గట్టు గిన్నె నిండా పెడతారు. అందుకని ఇద్దరికీ ఒక ఆంటిపాస్తి, రెండు ప్రీమి, ఒక తీపి చాలు. ఒక పాస్తా, ఒక పిజ్జా అయినా సరే. సెకొండి జోలికి పోవాలంటే ఒక పాస్తా తగ్గించండి.

ఇక పేర్లు. భయపడక్కర్లేదు, సగం వంటలు మనకి చుట్టాలే. ఆల్యో ఎ ఓల్యో అంటే వెల్లుల్లి, నూనె. ఆలివ్ నూనెలో వెల్లుల్లి, ఎండుమిర్చి వేయించి స్పగెట్టీలో కలుపుతారు, మన తాలింపే. పెస్టో అన్న మాట నూరడం నుంచి వచ్చింది. జెనోవా ఊరివాళ్లు తులసి జాతి ఆకు బేసిల్, వెల్లుల్లి, పైన్ గింజలు, చీజ్, ఆలివ్ నూనె కలిపి రోట్లో నూరిన పచ్చడి అది. రిసోట్టో అంటే జారుగా ఉండే పొంగలి. పోలెంటా మొక్కజొన్న సంకటి. రావియోలి అంటే లోపల కూరిపెట్టి నీళ్లలో ఉడికించిన బుల్లి కజ్జికాయలనుకోండి. న్యోకీ బంగాళాదుంప ఉండలు. అర్రబ్యాటా అంటే కోపంగా ఉన్నది అని అర్థం, మిరపకారం వేస్తారు కాబట్టి. గుంటూరు వాళ్లకి ఆ కోపం మందలింపు పాటి కూడా అనిపించదు, అది వేరే సంగతి.

పాస్తా కాస్త గట్టిగా ఉందని వెనక్కి పంపకండి. ఆల్ దెంతే అంటే పంటికి తగలడం, కావాలనే అలా ఉడికిస్తారు. మీకు మెత్తగానే ఇష్టమైతే ఆర్డరప్పుడే చెప్పండి, అందులో నామోషీ ఏం లేదు.

మన కాలేజీ క్యాంటీన్ల వైట్ సాస్ పాస్తాకి అలవాటు పడ్డవాళ్లు ఆల్ఫ్రెడో అడుగుతారు. అది రోమ్‌లో ఆల్ఫ్రెడో ది లేలియో అనే హోటల్ యజమాని పేరుతో వచ్చిన వంట. అసలుది వెన్న, పార్మెజాన్ చీజ్, అంతే. మీగడ, చికెన్ అమెరికాలో చేరాయి. ఇక్కడ ఎవరు ఎలా చేస్తారో అడిగి తీసుకోండి.

శాకాహారులైతే ఇది రెండుసార్లు చదవండి

పైకి కనపడని చోట నీసు దాక్కునే వంటలివి. వెయిటరు వెజ్ అన్నాడని సరిపెట్టుకోకండి, అతనికీ తెలియకపోవచ్చు.

తాజా పాస్తాలో, అంటే రావియోలి, తాల్యతెల్లే లాంటి వాటి పిండిలో సాధారణంగా గుడ్డు కలుపుతారు. ఎండు పాస్తా అయితే డ్యూరం అనే గట్టి గోధుమ రవ్వ, నీళ్లు మాత్రమే. గుడ్డు తిననివాళ్లు స్పగెట్టీ, పెన్నే లాంటి ఎండు రకాలకి కట్టుబడితే నయం. రిసోట్టో, మినెస్ట్రోనే సూప్‌లలో చికెన్ ఉడికించిన నీళ్లు పోసే అవకాశం ఎక్కువ. సీజర్ సలాడ్ ఆకుకూరే కదా అనుకుంటాం, దాని డ్రెస్సింగ్‌లో ఆంచోవీ చేప ఉంటుంది. అన్నట్టు ఆ సలాడ్ ఇటలీది కూడా కాదు, మెక్సికోలో పుట్టింది. పుట్టనెస్కా సాస్‌లోనూ ఆ చేపే. అమాట్రిచానా, కార్బొనారా, గ్రీచా, ఈ మూడు రోమ్ పాస్తాల్లోనూ పంది దవడ మాంసం పడుతుంది. రోమ్‌వాళ్లదే నాలుగోది, కాచో ఎ పెపే, చీజూ మిరియాలూ మాత్రమే వేసి చేస్తారు. శాకాహారులకి అది బాగుంటుంది.

కానీ చీజ్‌లోనూ మెలిక ఉంది. అసలైన పార్మెజాన్, అంటే పార్మిజానో రెజ్జానోలో పాలు విరగడానికి దూడ పొట్టలోంచి తీసిన రెన్నెట్ వేస్తారు, వాళ్ల నిబంధనలే అలా ఉన్నాయి. పెకొరీనో రొమానో అనే చీజ్‌కి గొర్రెపిల్లది. పాలు, పెరుగు మాత్రమే నీసు కాదనుకునే ఇళ్లవాళ్లు ఈ సంగతి తెలుసుకుని వెళ్లాలి. మన దేశంలో ఆకుపచ్చ చుక్కతో దొరికే పార్మెజాన్ తరహా చీజ్‌లు ఉన్నాయి, వాటిలో రెన్నెట్ జంతువుది కాదు. ఏది వాడుతున్నారో ఫోన్లోనే అడగండి. చీజ్ అసలు వద్దంటే ఆల్యో ఎ ఓల్యో ఉండనే ఉంది, కాకపోతే పైన చల్లొద్దని చెప్పాలి.

తీపిలో పన్నాకోట్టాకి జెలటిన్ వేస్తారు, అది జంతువుల నుంచి వచ్చేది. టిరమిసులో పచ్చి గుడ్డు, కొన్నిచోట్ల మద్యం కూడా ఉంటాయి.

మాంసం తినేవాళ్లకి ఒక్క మాట: బొలొనేజే అంటే ఏ మాంసమో అడగండి. అసలు వంటలో గొడ్డు మాంసం, పంది మాంసం రెండూ ఉంటాయి. ఇక్కడ మటనో చికెనో వేసేవాళ్లు చాలామంది, అయినా అడగడంలో తప్పులేదు.

ఆ రోజు

పొద్దున గుడి, పెద్దవాళ్లకి దండాలు, వీడియో కాల్స్, వాట్సాప్ గ్రూపుల్లో శుభాకాంక్షలకి జవాబులు, ఇవన్నీ సాయంత్రం ఐదింటికల్లా ముగించండి. పిల్లలుంటే అమ్మమ్మకో నానమ్మకో అప్పజెప్పి, వాళ్ల భోజనం పెట్టే ఏర్పాటు మీరే చూడండి. ఆవిడ వంట చేసిపెట్టి, పిల్లలకి తినిపించి, అలసిపోయి కారెక్కితే ఆ డిన్నర్ ఎవరి కోసం?

బట్టల విషయంలో ఒక సలహా. టమాటా సాస్ మరక పట్టుచీర మీద పడితే వదలదు. కంచి పట్టు కట్టుకుంటే పొమొడోరో, అంటే టమాటా సాస్ స్పగెట్టీ వద్దు, పెన్నేనో రావియోలో చెప్పుకోండి, ఫోర్కుతో గుచ్చుకుని తినొచ్చు, చిమ్మదు. తెల్ల చొక్కా వేసుకున్న మగవాళ్లకీ ఇదే వర్తిస్తుంది. పూల బొకే బుల్లి టేబుల్ మీద సగం చోటు మింగేస్తుంది. వేసవి పెళ్లిరోజైతే బయల్దేరేముందు రెండు మూరల మల్లెపూలు చేతిలో పెట్టండి. బొకే కంటే తక్కువ ఖర్చు, ఎక్కువ ఫలితం. ఇది స్వానుభవం.

కూకట్‌పల్లి నుంచో దిల్‌సుఖ్‌నగర్ నుంచో జూబ్లీహిల్స్ వైపు వెళ్తుంటే గూగుల్ చెప్పిన సమయానికి ఓ అరగంట కలపండి. ఎనిమిదింటి బుకింగ్‌కి ఎనిమిదీ ఇరవైకి చేరితే టేబుల్ పోతుంది, మూడ్ అంతకుముందే పోతుంది. మందు పుచ్చుకునే ఉద్దేశం ఉంటే కారు తీయొద్దు, క్యాబ్ పిలవండి. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే కేసే. పెళ్లిరోజు రాత్రి రోడ్డు పక్కన పరీక్ష గొట్టంలో ఊదుతూ నిలబడితే ఏడాది పొడుగునా దెప్పుళ్లే.

టేబుల్ దగ్గర

ముందు నీళ్ల దగ్గరే జాగ్రత్త. స్టిల్ ఆర్ స్పార్క్లింగ్ అని, అంటే గ్యాసు లేని సీసా నీళ్లా, గ్యాసు ఉన్నవా అని మర్యాదగా అడుగుతారు. రెండూ డబ్బులకే, విదేశీ సీసా అయితే ఒక పాస్తాలో సగం ధర ఉండొచ్చు. మామూలు నీళ్లు చాలంటే రెగ్యులర్ వాటర్ అనండి.

తర్వాత బ్రెడ్డు బుట్ట వస్తుంది, ఆలివ్ నూనెతో. బాగుంటుంది, అదే ప్రమాదం. పెళ్లి భోజనంలో ముందే పులిహోరతో కడుపు నింపుకున్నవాడి పరిస్థితి అవుతుంది. చెరో ముక్క తిని బుట్ట కొంచెం దూరం జరపండి.

ఆర్డర్ మీరు ఇంట్లోనే తేల్చుకున్నారు కాబట్టి రెండు నిమిషాల పని. తేల్చుకోకపోతే మాత్రం "నీకేం కావాలి?" అని అడక్కండి. "ఏదైనా పర్లేదండీ" అనే వస్తుంది. "టమాటాదా, తెల్లదా?" అని అడగండి, జవాబు ఠక్కున వస్తుంది. అన్నీ ఇద్దరం పంచుకుంటామని, ఒకదాని తర్వాత ఒకటి తెమ్మని వెయిటర్‌కి స్పష్టంగా చెప్పండి. చెప్పకపోతే అన్నీ కలిపి ఒకేసారి తెచ్చి పడేస్తారు, చల్లారిపోతాయన్న కంగారులో మాటల్లేకుండా తినేస్తారు. మా వరస ఇది: బ్రుస్కెట్టా (కాల్చిన బ్రెడ్డు మీద టమాటా ముక్కలు), పదిహేను నిమిషాల విరామం, ఒక పాస్తా ఇద్దరికీ, తర్వాత పిజ్జా. బ్రుస్కెట్టా అనే పలకాలి, బ్రుషెట్టా అని పలికినా తెచ్చిపెడతారు లెండి.

పిజ్జా మాత్రం ఆగదు. నేపుల్స్ పద్ధతిలో కట్టెల పొయ్యిలో 430 డిగ్రీలు దాటిన వేడిలో నిమిషం, నిమిషంన్నరలో కాలుతుంది. అంతే తొందరగా సాగుడుతనం వచ్చేస్తుంది. రాగానే కబుర్లు ఆపి తినండి. ఫొటో ఒక్కటి చాలు. ఇటలీలో మనిషికో పిజ్జా పెట్టుకుని ఫోర్కు, చాకుతో కోసుకుని తింటారు, అక్కడ కూడా చేత్తో తినేవాళ్లు లేకపోలేదు. మీరు చేత్తోనే తినండి, హాయిగా ఉంటుంది. పెపెరోని అన్న మాట చూసి తికమకపడకండి. ఇటలీలో దానర్థం క్యాప్సికం, ఇక్కడ పిజ్జా మీద కనిపించేది అమెరికా వాళ్ల మాంసం సాసేజ్.

స్పగెట్టీని ముక్కలు చేయకుండా నాలుగైదు పోగులు ఫోర్కుకి చుట్టండి. పది పోగులు పట్టుకుంటే ఉండ నోట్లో పట్టదు. తొలిసారి ఇద్దరికీ రాదు, నవ్వుకోవడానికి అదో సందు. చేపలు, రొయ్యలు వేసిన పాస్తా మీద చీజ్ చల్లుకోవడం ఇటలీవాళ్లకి నచ్చదు. కాపుచినో కూడా వాళ్లు పొద్దున్నే తాగుతారు, భోజనం తర్వాత చిన్న కప్పు ఎస్ప్రెస్సో. మీకు కాపుచినోనే ఇష్టమైతే తాగండి, డబ్బులు మీవి.

వైన్ తాగేవాళ్లకి: ఇటలీ సీసాల ధర దిగుమతి సుంకం వల్ల గుండె ఝల్లుమనిపిస్తుంది. గ్లాసు లెక్కన ఇస్తారేమో అడగండి. లేదా మహారాష్ట్రలోని అక్లూజ్‌లో తయారయ్యే ఫ్రాటెల్లి చూడండి. ఫ్రాటెల్లి అంటే ఇటాలియన్‌లో అన్నదమ్ములు, ఇటలీ వాళ్లూ మన దేశం వాళ్లూ కలిసి పెట్టిన కంపెనీ. టమాటా సాస్‌కి ఎర్రది, చేపకీ పెస్టోకీ తెల్లది. అంతకు మించి తెలిసినట్టు మాట్లాడకండి, దొరికిపోతాం. తెలంగాణలో 21 ఏళ్లు నిండినవాళ్లకే మద్యం అమ్ముతారు, కొత్తగా పెళ్లయిన చిన్న వయసు జంటలు ఆధార్ దగ్గర పెట్టుకోండి.

తీపి, కేకు గొడవ

రెస్టారెంట్‌వాళ్లు పెళ్లిరోజని తెలియగానే కేకు, చప్పట్లు, పాట మొదలుపెడతారు. కొందరికి అది పండగ, కొందరికి నేలలో కూరుకుపోవాలనిపిస్తుంది. మీ ఆవిడ ఏ రకమో మీకు తెలుసు. మా ఆవిడ రెండో రకం. అందుకే పాట వద్దు, ప్లేటు మీద చాక్లెట్‌తో రెండు పేర్లు రాసి తెండి చాలు అని ఫోన్లోనే చెబుతాను. పేర్ల స్పెల్లింగు కూడా అక్షరం అక్షరం చెప్పండి.

గుడ్డు, మద్యం అభ్యంతరం లేకపోతే టిరమిసు. దాని పేరుకి నన్ను పైకి లేపు అని అర్థం, కాఫీలో తడిపిన బిస్కెట్ల మీద మస్కార్పోనే చీజ్. లేదంటే అఫోగాటో, వెనీలా ఐస్‌క్రీమ్ మీద వేడి ఎస్ప్రెస్సో పోస్తారు. దాని పేరుకి మునిగిపోయినది అని అర్థం. ఒకటే చెప్పి రెండు చెంచాలు అడగండి. కరిగిపోయేలోపు తినాలి కాబట్టి ఇద్దరి చెంచాలూ పోటీ పడతాయి, అదీ బాగుంటుంది.

బిల్లు

విడిగా ఉన్న రెస్టారెంట్లలో తిండి మీద జీఎస్టీ 5 శాతం. గది అద్దె 7,500 రూపాయలు దాటే పెద్ద హోటళ్లలోని రెస్టారెంట్‌లో 18 శాతం, అందుకే స్టార్ హోటల్ బిల్లు ఒక్కసారిగా ఉబ్బుతుంది. మద్యం మీద జీఎస్టీ ఉండదు, వ్యాట్ విడిగా వేస్తారు. సర్వీస్ ఛార్జి మాత్రం పన్ను కాదు. దాన్ని బిల్లులో దానంతటదే కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జులైలో మార్గదర్శకాలిచ్చింది, వాటిని ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో సమర్థించింది. వేసి ఉంటే తీసేయమని నెమ్మదిగా అడగండి. వాదన పెరిగేలా ఉంటే టేబుల్ దగ్గర వద్దు, చేతులు కడుక్కునే వంకతో లేచి కౌంటర్ దగ్గర మాట్లాడి, అక్కడే కట్టేసి రండి. బిల్లు కాగితం టేబుల్ మీదకి రాకపోతే "అమ్మో, ఇంతా? దీంతో వారం సరుకులొచ్చేవి" అన్న మాట కూడా రాదు. బాగా చూసుకున్న వెయిటర్‌కి మాత్రం చేతిలో ఏదో ఒకటి పెట్టండి.

చివరిగా, బయల్దేరే ముందు ఫ్రిజ్ తెరిచి పెరుగు ఉందో లేదో చూడండి. గుప్పెడన్నం కూడా పక్కన పెట్టించండి. ఎంత ఘనంగా తిన్నా ఇంటికొచ్చి చీర మార్చుకోగానే, పదకొండింటికి, "ఏమండీ, ఒక ముద్ద పెరుగన్నం తింటారా?" అని వంటింట్లోంచి వినపడుతుంది. ఆవకాయ జాడీ ఎక్కడుందో కూడా గుర్తుపెట్టుకోండి.